సున్నపు గోడ, అద్దాల గోడ

చలికాలం పొద్దున్నే చార్మినార్ దగ్గరికి వెళ్లి చూడండి. తూర్పు ముఖం మీద ఎండ నేరుగా పడుతుంది, అక్కడ సున్నపు గచ్చుతో మలిచిన పూలు చదునుగా కనిపిస్తాయి. దక్షిణం వైపుకు తిరిగితే అదే ఎండ గోడను ఒరుసుకుంటూ పోతుంది. ప్రతి రేకుకూ ఒక పక్క వెలుగు, ఒక పక్క సన్నటి నీడ. ఆ ఫోటోను బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. రంగులో కంటికి ఆనని రేకులు గోడలోంచి లేచి వచ్చాయి. 1591లో కట్టిన కట్టడం మీద పనివాళ్ల చేతి ఒత్తిడి ఇంకా తెలుస్తోంది.

రంగు తీసేస్తే మిగిలేది వెలుతురు. దాన్ని ఏ గోడ ఎలా తిప్పి పంపుతుందో అప్పుడు బాగా తెలుస్తుంది.

గోల్కొండ కోట మెట్లెక్కి పడమర చూస్తే రెండు రకాల గోడలూ ఒకే ఫ్రేములో దొరుకుతాయి. ముందు సున్నపు గచ్చు మిగిలిన పాత గోడ, వెనక కోకాపేట వైపు అద్దాల టవర్లు. గచ్చు పైకి నున్నగా ఉన్నా, దగ్గరగా చూస్తే అంతా గరుకే. పడిన వెలుతురును అన్ని దిక్కులకూ చెదరగొడుతుంది. అందుకే ఎటు నుంచి చూసినా దాని తెలుపు దాదాపు ఒక్కలాగే ఉంటుంది. అద్దం అలా కాదు. మామూలు గాజు మీద వెలుతురు నిటారుగా పడితే ఒక్కో ముఖం నుంచి 4 శాతమే వెనక్కి వస్తుంది. బాగా ఏటవాలుగా పడితే చాలావరకు వెనక్కే వస్తుంది. భవనాలకు వాడే పూత వేసిన అద్దాలైతే ఇంకా ఎక్కువ. అంటే టవర్‌కు సొంత ఛాయ లేదు, ఎదురుగా ఉన్న ఆకాశమే దాని రంగు.

ఇక్కడే నాకు బాగా నచ్చిన కిటుకు ఉంది. గాలిలోని అణువులు 450 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న నీలాన్ని 650 నానోమీటర్ల ఎరుపు కంటే నాలుగు రెట్లకు పైగా చెదరగొడతాయి. అందుకే ఆకాశం నీలం. లెన్సు ముందు ఎర్ర ఫిల్టర్ పెట్టినా, ఫోన్ యాప్‌లో నీలం స్లైడర్‌ను కిందికి లాగినా ఆకాశం నల్లబడుతుంది. దాన్ని అద్దంలో మోస్తున్న టవర్ కూడా దానితోపాటే నల్లబడుతుంది. మీగడ రంగు గచ్చులో ఎరుపు, పసుపు పాళ్లు ఎక్కువ కాబట్టి అది మాత్రం అలాగే వెలుగుతూ ఉంటుంది. దుమ్ము పట్టిన రోజున ఇది అంత బాగా పనిచేయదు. దుమ్ము కణాలు పెద్దవి, అన్ని రంగులనూ దాదాపు సమానంగా చెదరగొడతాయి. వాన వెలిసిన మర్నాడు ప్రయత్నించండి.

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ లాలా దీన్ దయాళ్ కాలంలో కథ తిరగబడి ఉండేది. అప్పట్లో ఫిల్ము బదులు కెమెరాలో పెట్టే సాధారణ గాజు ప్లేట్లు నీలానికి బాగా స్పందించేవి, ఎరుపు వాటికి దాదాపు కనిపించేదే కాదు. ఆ రోజుల ఫోటోల్లో ఆకాశం తరచూ ఉత్త తెల్లగా ఉండేది అందుకే. ఇవాళ్టి అద్దాల టవర్లను ఆ ప్లేట్ల మీద తీస్తే, అవి ఆ తెల్లటి ఆకాశంలో సగం కలిసిపోయేవి.

కోట దిగే వేళకు టవర్లలో లైట్లు వేస్తారు. లోపలి వెలుతురు బయటి ప్రతిబింబాన్ని మించగానే అద్దం కిటికీ అయిపోతుంది. లోపల బల్లలు, మనుషులు కనిపిస్తారు. ఈలోగా సున్నపు గోడ చీకట్లో కలిసిపోయి ఉంటుంది.