రూట్ కెనాల్ తర్వాత కూడా వేరు కొన ఎందుకు మానదు?

రూట్ కెనాల్ పూర్తయి, పంటిపై క్యాప్ కూడా వేసిన ఏడాదికో రెండేళ్లకో తీసిన ఎక్స్‌రేలో వేరు కొన చుట్టూ నల్లని నీడ అలాగే ఉంటే, అక్కడ కరిగిన ఎముక ఇంకా పూడలేదని అర్థం. చాలాసార్లు నొప్పి ఉండదు, కాబట్టి రోగికి ఆ సంగతే తెలియదు. నరం తీసేసిన పంటిలో ఇంకా ఏం మిగిలి ఉండి ఈ వాపును నిలుపుతోందన్న ప్రశ్నకు జవాబు వెతకడానికి వందేళ్లకు పైగా పట్టింది.

పంటి లోపల నరాలు, రక్తనాళాలు ఉండే మెత్తని కణజాలాన్ని పల్పు అంటారు; చచ్చిన పల్పులో బ్యాక్టీరియా ఉంటుందని బెర్లిన్‌లో పనిచేసిన అమెరికన్ దంతవైద్యుడు విల్లోబీ మిల్లర్ 1894లోనే చూపించారు. అయితే ఆ పరిశోధన కొనసాగాల్సిన దారిలో కొనసాగలేదు. 1910లో మాంట్రియల్‌లో ప్రసంగించిన బ్రిటిష్ వైద్యుడు విలియం హంటర్, పళ్లకు చేసిన బంగారు పనితనం కింద దాగిన నోటి ఇన్ఫెక్షనే శరీరంలోని అనేక జబ్బులకు మూలమని ఆరోపించడంతో, ఆ తరువాతి దశాబ్దాలలో కాపాడదగిన పళ్లు ఎన్నో అనవసరంగా ఊడబెరికారు. పంటిలో ఇన్ఫెక్షన్ ఉంటుందన్న మాట నిజమే; దాన్ని లోపలే ఎలా తొలగించాలన్న ప్రశ్న మాత్రం ఆ భయంలో మరుగున పడింది.

1965లో కాకెహాషి, స్టాన్లీ, ఫిట్జెరాల్డ్ అనే పరిశోధకులు ఎలుకల పళ్లకు రంధ్రం చేసి, పల్పు బయటపడేలా వదిలేశారు. మామూలు ఎలుకలలో పల్పు చచ్చిపోయి వేరు కొన దగ్గర చీముగడ్డలు ఏర్పడ్డాయి, సూక్ష్మజీవులు లేని వాతావరణంలో పెరిగిన ఎలుకలలో మాత్రం రంధ్రం మీద డెంటిన్ అనే గట్టి పంటి పదార్థం కొత్తగా పొర కట్టి గాయం మానింది. 1976లో స్వీడన్‌లోని ఉమియో విశ్వవిద్యాలయంలో గోరాన్ సుండ్‌క్విస్ట్, దెబ్బ తగిలి పల్పు చచ్చినా పైభాగం చెక్కుచెదరని మనుషుల పళ్లను పరీక్షించారు. ఎముక కరిగిన పళ్లలోనే ఆయనకు బ్యాక్టీరియా దొరికింది, అందులోనూ ఎక్కువ భాగం ఆక్సిజన్ లేకుండా బతికే రకాలు.

కారకం తేలినా, దాని చోటుకు చేరుకోవడమే అసలు కష్టం. రూట్ కెనాల్ అనగానే మనకు సన్నని, తిన్నని గొట్టం మనసులో మెదులుతుంది గాని, స్విట్జర్లాండ్‌కు చెందిన వాల్టర్ హెస్ వేలాది పళ్ల లోపలికి రబ్బరు నింపి తీసిన అచ్చులు చూసినవారికి అది కొమ్మలుగా చీలి, మళ్లీ కలిసి, కొన దగ్గర నదీముఖంలా పాయలైపోయే దారి అని అర్థమవుతుంది. పై దవడలోని మొదటి పెద్ద నమిలే పంటిలో (మోలార్) నాలుగో కాలువ ఉండడం సర్వసాధారణం, దాన్ని గుర్తించకపోతే అందులోని ఇన్ఫెక్షన్ యథాతథంగా నిలిచిపోతుంది. 2001లో వెలువడిన మైక్రో సీటీ (పంటి లోపలిని అతి సూక్ష్మంగా చూపే ఎక్స్‌రే స్కాన్) పరిశీలనలలో, కాలువను గీకే ఫైళ్లు అనే సన్నని పరికరాలతో శుభ్రం చేసిన తరువాత కూడా కాలువ గోడల్లో 35 శాతం, అంతకు మించిన భాగాన్ని ఫైలు తాకనే లేదని తేలింది. తాకని చోట్లను కడగడానికి సోడియం హైపోక్లోరైట్ ద్రావణం వాడతారు, కాని రెండు కాలువలను కలిపే ఇరుకైన చీలికలలో బయోఫిల్మ్‌గా, అంటే గోడకు అంటుకున్న జిగట పొరగా పేరుకున్న బ్యాక్టీరియాను అది పూర్తిగా చేరలేదు. 2005లో నాయర్, సహచరులు కింది దవడ పళ్లకు ఒకే విడతలో చికిత్స చేసి, వెంటనే వేరు కొనలను కోసి మైక్రోస్కోపు కింద చూసినప్పుడు, 16 పళ్లలో 14 పళ్లలో సూక్ష్మజీవులు మిగిలే ఉన్నాయి. రక్తప్రసరణ లేని ఆ ఇరుకులోకి యాంటీబయాటిక్ మాత్రలు చేరవు గనుక, మాత్రలు మింగితే సరిపోతుందన్న ఆశ ఇక్కడ పనికిరాదు.

అలా మిగిలినవన్నీ వాపు తెస్తాయని కాదు. తిండి అందక, సందు దొరకక చాలావరకు అణగిపోతాయి. కొన్ని నిలదొక్కుకుంటాయి. చికిత్స విఫలమైన పళ్లలో ఎంటెరోకాకస్ ఫీకాలిస్ అనే బ్యాక్టీరియా తరచుగా కనిపించడంతో 1990ల చివర దోషమంతా దానిమీదే మోపారు. అది తొందరపాటేనని నా అభిప్రాయం, ఎందుకంటే డీఎన్ఏ పద్ధతులు వచ్చాక అవే పళ్లలో అనేక జాతుల గుంపులు బయటపడ్డాయి. పైన ఫిల్లింగ్ గాని, క్యాప్ గాని సరిగా అతకక లాలాజలం లోపలికి ఊరితే, బాగా చేసిన చికిత్స కూడా కలుషితమవుతుంది.

ముందే ఎముక కరిగిన పళ్లలో పని మరింత కఠినం. ఉమియోలోనే ఎనిమిది నుంచి పదేళ్ల పాటు పరిశీలించి 1990లో ప్రచురించిన అధ్యయనంలో, వేరు కొన దగ్గర జబ్బు లేని పళ్లలో 96 శాతం బాగుండగా, పల్పు చచ్చి ఎముక కరిగిన పళ్లలో 86 శాతమే మానాయి. అంతకుముందు చికిత్స జరిగినా జబ్బు నిలిచి, మళ్లీ చేయవలసి వచ్చిన పళ్లలో అది 62 శాతానికి పడిపోయింది.

సూక్ష్మజీవులు కాలువలోనే కాక, యాక్టినోమైసిస్ వంటివి వేరు దాటి కణజాలంలోనూ స్థిరపడగలవు. అరుదుగా వాటితో సంబంధం లేని కారణాలూ ఉంటాయి: చుట్టూ పూర్తిగా పొర కట్టుకుని కాలువతో లంకె తెంచుకున్న తిత్తి, పేరుకున్న కొలెస్ట్రాల్ స్ఫటికాలు, కొన దాటి బయటకు వచ్చిన ఫిల్లింగ్ పదార్థం. మచ్చకట్టి మానిన చోటు సైతం ఎక్స్‌రేలో జబ్బులాగే కనబడుతుంది. తిత్తో, మామూలు వాపు గడ్డో ఎక్స్‌రే చూసి తేల్చలేరు. ఎముక ఎక్కువగా కరిగిన చోట్లు నెమ్మదిగా పూడతాయి కాబట్టి కొన్ని సందర్భాలలో నాలుగేళ్ల వరకు వేచి చూస్తారు. అప్పటికీ తగ్గకపోతే కాలువను తిరిగి తెరిచి శుభ్రం చేయడమో, వేరు కొనను శస్త్రచికిత్సతో తొలగించడమో చేస్తారు, అసలు కారణం చాలాసార్లు అలా తీసిన కణజాలాన్ని మైక్రోస్కోపు కింద పరీక్షించాకే తెలుస్తుంది.