సంతకం పెడితే కట్టుబడిపోయినట్టేనా? క్లినికల్ ట్రయల్స్‌పై అపోహలు - వాస్తవాలు

చెన్నైలో క్లినికల్ ట్రయల్స్‌కు, అంటే కొత్త మందులు ఎలా పనిచేస్తాయో మనుషులకు ఇచ్చి చూసే పరీక్షలకు, కోఆర్డినేటర్‌గా పనిచేస్తున్నాను. నెల్లూరు, తిరుపతి వైపు నుంచి వచ్చే తెలుగువారికి, ట్రయల్‌లో చేరే ముందు సంతకం పెట్టే అంగీకార పత్రం వివరించే పని ఎక్కువగా నాదే.

అపోహ: సంతకం పెట్టాక మధ్యలో మానకూడదు.
ఎప్పుడైనా మానవచ్చు, కారణం చెప్పనక్కర్లేదు. మామూలుగా అందే వైద్యం ఆగదు. మందు ఉన్నట్టుండి ఆపడం మంచిది కాకపోవచ్చు కాబట్టి డాక్టరుకు చెప్పి మానండి.

అపోహ: ఏదైనా జరిగితే పట్టించుకునేవారు ఉండరు.
మన దేశంలో క్లినికల్ ట్రయల్స్‌కు వర్తించే 2019 నిబంధనల ప్రకారం హాని కలిగితే ఉచితంగా వైద్యం చేయించాలి. అది ట్రయల్ వల్లేనని తేలితే నష్టపరిహారం ఇవ్వాలి.

అపోహ: పత్రం తెలుగులో ఉంటే అర్థమైనట్టే.
నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. ఒక పత్రంలో ‘యాదృచ్ఛికీకరణ’ అని ఉంది. సూళ్లూరుపేట నుంచి వచ్చిన పెద్దావిడ ఆ మాట మీద వేలు పెట్టి, “ఇదేమిటి తల్లీ?” అన్నారు. “మీకు ఏ మందు రావాలో డాక్టరు ఎంచరమ్మా, చీటీ తీసినట్టు కంప్యూటర్ తేలుస్తుంది” అన్నాను. “అయితే నాకు ఉత్తుత్తి మాత్ర కూడా రావచ్చన్నమాట” అన్నారు. మూడు పేజీలు చెప్పలేనిది ఆవిడ ఒక్క మాటలో పట్టుకున్నారు. అప్పటినుంచి “అర్థమైందా?” అని అడగడం మానేశాను. “ఇంటికి వెళ్లి మీ కోడలికి ఏమని చెబుతారు?” అని అడుగుతున్నాను.

అపోహ: రోగికి అనుకూలంగా ట్రయల్ నడపడమంటే రైలు ఖర్చులు, టిఫిను ఇవ్వడం.
అవి ఇవ్వవలసిందే. కానీ ఆ పెద్దావిడ షుగరు మనిషి. పరగడుపున రక్తం ఇవ్వాలని తెల్లవారకముందే రైలెక్కారు. ముందు ఫారాలు నింపి, తర్వాత రక్తం తీసేసరికి పదకొండయింది. ఒళ్లో ఇడ్లీ డబ్బా, మూత తీయకుండా అలాగే ఉంది. మరుసటి వారం నుంచి ముందు రక్తం, టిఫిను, ఆ తర్వాతే ఫారాలు అని మార్చుకున్నాం.

అది మా చేతిలో ఉన్న మార్పు. ఎన్నిసార్లు రావాలి, ఏ పరీక్షలు చేయాలి, దేన్ని ఫలితంగా కొలవాలి అన్నవి మాత్రం ప్రోటోకాల్‌లో, అంటే ట్రయల్ ఎలా నడపాలో చెప్పే ప్రణాళికలో, ముందే రాసి ఉంటాయి. ట్రయల్‌కు అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీలో వైద్యంతో సంబంధం లేని సామాన్యుడు ఒకరైనా ఉండాలి. అయితే ప్రోటోకాల్ వారి ముందుకు వచ్చేది రాయడం పూర్తయ్యాకే. రోగులను అంతకంటే ముందే కూర్చోబెట్టి అడగాలి.

ఆవిడది షుగరు వల్ల వచ్చిన అరికాళ్ల మంట. పదికి ఎంత నొప్పి అని మేము రాసుకుంటాం. ఆవిడ కోరుకునేది, రాత్రి దుప్పటి అంచు పాదాలకు తగిలినా మెలకువ రాకపోవడం. మా ఫారంలో ఆ ప్రశ్న లేదు.