లాడం లేని గుర్రానికి బూట్లు: అపోహలు, వాస్తవాలు

గుర్రాల గిట్టలు చెక్కడం నా పని. ఉండేది అనంతపురంలో. కర్నూలు, కడప వైపు పిలిచినా పోతాను. పెళ్లి ఊరేగింపులకు పోయే గుర్రాలు, తోటల్లో ఇష్టంగా పెంచుకునేవి, పిల్లలకు స్వారీ నేర్పేవి, అన్నీ నా చేతి కిందికి వస్తాయి. ఈమధ్య లాడాలు తీసేసి వట్టి గిట్టలతో నడిపించేవాళ్లు పెరిగారు. మంచిదే. వాళ్లంతా రాళ్లదారి రాగానే బూట్ల గురించి, అంటే గిట్టకు తొడిగి పట్టీలతో బిగించి, పని కాగానే విప్పేసే తొడుగుల గురించి అడుగుతారు. అడిగేలోపే ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్పేసి ఉంటారు. ఆ మాటలు నమ్మి కొన్న బూట్లతో గుర్రాల కాళ్లకు పుండ్లు పడుతుంటే చూడలేక ఇది రాస్తున్నాను.

అపోహ: మన గుర్రాలు రాళ్లలో పుట్టి పెరిగినవి, వాటికి బూట్లెందుకు?

ఇందులో సగం నిజం ఉంది. మార్వాడీ, కతియవాడీ గుర్రాల్లో మంచి గట్టి గిట్టలున్నవి చాలా చూశాను. కానీ గిట్ట గట్టిదనం జాతితోనే రాదు. ఏ నేల మీద ఎక్కువసేపు ఉంటే ఆ నేలకే గిట్ట అలవాటు పడుతుంది. క్రీస్తు పూర్వం 4వ శతాబ్దంలోనే గ్రీకు సేనాని జెనోఫన్, గిట్టలు గట్టిపడాలంటే గుర్రం నిలబడే చోట గుండ్రాళ్లు పరచమన్నాడు. మరి మన గుర్రాలు రోజంతా ఎక్కడ నిలబడుతున్నాయి? రేకుల షెడ్డు, కింద కడప బండలు, వాటి మీద ఉచ్చ, లద్దెతో తడిసిన వరిగడ్డి. 22 గంటలు అందులో నానిన గిట్టను సాయంత్రం కంకర దారి మీదికి తీసుకుపోయి, రాళ్లలో పుట్టింది కదా, నడవమంటే ఎట్లా?

గిట్ట గోడ నెలకు సుమారు 6 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది. పెళ్లిళ్ల సీజన్లో తారు రోడ్డు మీద అరుగుదల దాన్ని మించిపోతే అడుగు పలచబడుతుంది. ఆ సంగతి గుర్రమే చెబుతుంది. రోడ్డు మధ్యలో నడిపిస్తుంటే పక్కనున్న మట్టి అంచుకు లాగుతుంది, కంకర రాగానే అడుగులు చిన్నవవుతాయి. అట్లాంటి గుర్రానికి బూటు వేయండి. మన గరుసు నేలలో కూడా తల ఎగరేయకుండా, అడుగు తగ్గించకుండా పోయే గుర్రానికి మాత్రం వద్దు. ఆ డబ్బు మంచి మేతకు పెట్టమని నేనే చెబుతాను.

అపోహ: బూట్లు ఫ్యాషన్, దూరం పోతే ఆగవు.

గిట్టకు తొడుగు వేయడం కొత్త సంగతి కాదు. రోమన్లు తోలు పట్టీలతో కట్టే లోహపు తొడుగులు వాడారు. ఇక దూరం మాటకొస్తే, అమెరికాలో 1955 నుంచి టెవిస్ కప్ అనే పోటీ ఉంది. ఒక్క రోజులో 100 మైళ్లు, అంటే 160 కిలోమీటర్ల కొండదారి. ఇంచుమించు అనంతపురం నుంచి కర్నూలు పోయినంత దూరం. అది బూట్లతో పూర్తి చేసిన గుర్రాలున్నాయి. సరిగ్గా పట్టిన బూటు ఆగుతుంది. ఆగనిది సైజు తప్పిన బూటు.

అపోహ: గుర్రం ఎత్తు చెబితే సైజు తెలిసిపోతుంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ మాటే. ఎత్తుకూ గిట్టకూ సంబంధం లేదు. ఒకే ఎత్తున్న రెండు గుర్రాల గిట్టల్లో రెండు సైజుల తేడా చూశాను. ఒకే గుర్రానికి ముందు గిట్టలు గుండ్రంగా, వెనక గిట్టలు కోలగా ఉంటాయి. కుడి ఎడమలు కూడా అచ్చం ఒకేలా ఉండవు.

ధర్మవరం దగ్గర ఒక తోటలో ఆడగుర్రానికి కొలతలు తీశాను. ఎడమ ముందు గిట్ట వెడల్పు 116, పొడవు 120 మిల్లీమీటర్లు. కుడి ముందుది 119, 121. వెనకవి రెండూ వెడల్పు 110, పొడవు 122. నేను రాసుకుంటుంటే యజమాని లోపలికి పోయి అట్టపెట్టె తెచ్చాడు. "నాలుగూ ఒకటే సైజు తెప్పించినాను అన్నా, గుర్రం ఎత్తు చెప్తే వాళ్లే పంపినారు" అన్నాడు. ముందు కాళ్లకు పట్టాయి. వెనక కాళ్లకు వేస్తే రెండు పక్కలా ఖాళీ. రెండు బూట్ల డబ్బు వృథా అయింది.

కొలవడం కష్టమేమీ కాదు. ముందు గిట్ట చెక్కించండి. ఆ రోజే, లేదా రెండు మూడు రోజుల్లోపు కొలవండి. కాలు నేల మీద ఉన్నప్పుడు కాదు, ఎత్తి పట్టుకుని అడుగు శుభ్రంగా గీకి కొలవాలి. బట్టలు కొలిచే టేపు వంగిపోతుంది, స్టీల్ స్కేలు వాడండి. వెడల్పు అంటే గిట్ట అడుగున ఎక్కడ ఎక్కువ వెడల్పుందో అక్కడ, ఈ అంచు నుంచి ఆ అంచుకు. పొడవు అంటే ముందు మొన నుంచి, వెనక మడమ దగ్గర గిట్ట గోడ నేలను తాకే చివరి చోటు వరకు. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. మడమ వెనక మెత్తగా రెండు బుడిపెలుంటాయి, వాటిని కూడా కలిపి కొలుస్తారు. అంతే, బూటు ఒక సైజు పెద్దదొస్తుంది. నాలుగు గిట్టలూ విడివిడిగా, ఒక్కోటి రెండుసార్లు కొలిచి రాసుకోండి.

ఒక కంపెనీ 3వ నంబరు, ఇంకో కంపెనీ 3వ నంబరు ఒకటి కావు. కొన్ని బూట్లు గుండ్రటి గిట్టకు, కొన్ని కోల గిట్టకు చేసినవి. పట్టికలో వెడల్పు ఒక సైజు చూపించి, పొడవు వేరే సైజు చూపిస్తే ఆ మోడల్ మీ గుర్రానిది కాదని అర్థం. మధ్యలో సర్దుకోవద్దు, ఇంకో మోడల్ చూడండి. మన ఊళ్లలో దుకాణానికి పోయి తొడిగి చూసి కొనే వీలు లేదు కాబట్టి, మందపాటి అట్ట మీద గిట్ట అచ్చు గీసి, ఆ కొలతకు కత్తిరించి దగ్గర పెట్టుకోండి. బూటు రాగానే ఆ అట్టను లోపల పెట్టి చూస్తే, గుర్రం కాలికి తొడిగి మురికి చేయకముందే సంగతి తెలుస్తుంది. మురికైన బూటును ఎవరూ వాపసు తీసుకోరు.

అపోహ: కాస్త వదులుగా ఉంటేనే గుర్రానికి సుఖం.

పిల్లలకు ఒక సైజు పెద్ద చెప్పులు కొన్నట్టు గుర్రానికి కొనకూడదు. ఇది నా చేతుల మీదుగా జరిగిన తప్పుతోనే నేర్చుకున్నాను. పని మొదలుపెట్టిన కొత్తలో, చెక్కి ఐదు వారాలైన గిట్టను కొలిచి బూట్లు తెప్పించాను. అవి వచ్చాక గిట్ట చెక్కి తొడిగితే లోపల వేలు దూరేంత ఖాళీ. ఒక్క పూటకేలే అని పంపాను. సాయంత్రం తిరిగొచ్చాక బూటు విప్పితే లోపల గుప్పెడు గరుసు, రెండు పల్లేరు కాయలు. వెనక బుడిపె మీద రూపాయి బిళ్లంత చర్మం లేచిపోయింది. పాపం ఆ గుర్రం కాలు ముట్టనివ్వలేదు. మానడానికి మూడు వారాలు పట్టింది. ఆ తర్వాత చెక్కని గిట్టను నేనెప్పుడూ కొలవలేదు.

బూటు పట్టిందో లేదో ఇట్లా చూస్తాను. తొడిగి పట్టీలు బిగించాక రెండు చేతులతో బూటును పట్టుకుని మెలితిప్పుతాను. గిట్ట మీద అది తిరగకూడదు. తర్వాత సుద్దముక్కతో గిట్ట గోడ మీద నిలువుగా ఒక గీత గీసి, అదే గీతను బూటు మీదికి కొనసాగిస్తాను. నేరుగా నడిపించి, కుడికీ ఎడమకూ గుండ్రంగా తిప్పి, కాస్త దౌడు తీయించి ఆపుతాను. గీతలు రెండూ కలిసే ఉంటే సరే. ఒకటి పక్కకు జరిగితే బూటు తిరుగుతున్నట్టే. గిట్ట పైన కట్టే పట్టీ కింద మాత్రం ఒక వేలు సులువుగా దూరాలి. అక్కడ గట్టిగా బిగిస్తే ఒరుసుకుపోతుంది.

సరిగ్గా పట్టినా మొదటి రోజు 20 నిమిషాలు చాలు. విప్పి, వెంట్రుకలు రేగాయా, ఎక్కడైనా ఎర్రబడిందా, వేడిగా ఉందా అని వేళ్లతో తడిమి చూడండి. రోజుకు కొంచెం పెంచుకుంటూ పోండి. కొత్త బూటుతో నేరుగా ఊరేగింపుకు తీసుకుపోవద్దు. దయచేసి వద్దు.

అపోహ: బూట్లున్నాయి కదా, ఇక గిట్ట చెక్కించక్కర్లేదు.

నిజానికి ఇంకా శ్రద్ధగా చెక్కించాలి. బూటు వేస్తే అరుగుదల ఆగుతుంది, పెరుగుదల ఆగదు. 4 నుంచి 6 వారాలకొకసారి ఆకురాయి పడాల్సిందే. నిన్నటిదాకా బాగున్న బూటు ఉన్నట్టుండి ఎక్కడం లేదంటే బూటు కుంచించుకుపోలేదు, గిట్ట పెరిగింది. సుత్తితో కొట్టి ఎక్కించేవాళ్లను చూశాను. అట్లా చేయొద్దు, ఫోన్ చేయండి.

అపోహ: ఒకసారి వేశాక పగలూ రాత్రీ అట్లాగే ఉంచొచ్చు.

చెమట, తడి, గాలి ఆడకపోవడం ఒకచోట చేరితే గిట్ట కుళ్లుతుంది. అడుగున బాణం ములుకులా ఉండే మెత్తటి భాగాన్ని ఫ్రాగ్ అంటాం. దాని పక్క సందుల్లో నల్లటి జిగురు, ముక్కు మూసుకునేంత వాసన వస్తే అది థ్రష్. బూటు పని ఉన్నంతసేపే. ఇంటికి రాగానే విప్పి, కడిగి, నీడలో ఆరబెట్టండి. గిట్టను కూడా గీకి ఆరనివ్వండి. వైద్యం కోసం రోజంతా వేయాల్సి వస్తే దానికి వేరే బూట్లుంటాయి. వాటిని కూడా రోజూ విప్పి చూడాలి.

నాలుగు కాళ్లకూ వేయాలా అని అడుగుతారు. గుర్రం బరువులో సుమారు 60 శాతం ముందు కాళ్ల మీదే పడుతుంది. చాలా గుర్రాలకు ముందు రెండు చాలు. వెనక కాళ్లతో కూడా తడబడితే అప్పుడు చూద్దాం.

ఆదోని, నంద్యాల వైపు నల్లరేగడి నేలల్లో ఉన్నవాళ్లు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. వాన పడ్డాక ఆ బంక మట్టి బూటును పట్టుకుని గుంజేస్తుంది. గుర్రం కాలు లేపితే బూటు అక్కడే ఉండిపోతుంది, లేదా సగం ఊడి కాలికి వేలాడుతుంది. గుర్రం బెదిరిపోతుంది. తడి రేగడిలో వట్టి కాళ్లతోనే నడిపించండి.

అపోహ: కుంటుతుంటే బూటు వేస్తే సరిపోతుంది.

కుంటుకు ముందు కారణం తెలియాలి. ఉన్నట్టుండి కుంటితే గిట్ట మీద అరచెయ్యి పెట్టి, మిగతా గిట్టలకంటే వేడిగా ఉందేమో చూడండి. గిట్టకు పైనున్న కీలు వెనక, రెండు పక్కలా వేళ్లు ఆనిస్తే నాడి తెలుస్తుంది. మామూలుగా అది దొరకడమే కష్టం. దడదడ కొట్టుకుంటుంటే లోపల ఏదో జరుగుతోంది. చీము పట్టి ఉండొచ్చు, మేకో సర్కారు తుమ్మ ముల్లో దిగి ఉండొచ్చు. ఉలవల బస్తా తాడు విప్పుకుని తినేసినా, బెల్లం, దాణా మోతాదు మించినా లామినైటిస్, అంటే గిట్ట లోపలి పొర వాచే జబ్బు, రావొచ్చు. అప్పుడు ముందు కాళ్లు చాచి, బరువు మడమల మీద వేసి నిలబడుతుంది, అడుగు తీసి అడుగు వేయదు. దాన్ని నడిపించొద్దు. దాణా ఆపి, మెత్తటి ఇసుక మీద నిలబెట్టి పశువైద్యుడిని పిలవండి. గిట్టలో మేకు కనిపిస్తే పీకేయకుండా ఫోటో తీసి డాక్టరుకు పంపండి. ఎంత లోతుకు, ఎటువైపు దిగిందో ఆయన చూడాలి.

డాక్టరు చూశాక బూటు చాలా సాయం చేస్తుంది. చీము తీసి కట్టు కట్టిన గిట్టకు ఇదివరకు గోనెసంచి చుట్టేవాళ్లం, గంటలో చిరిగి లద్దెంతా కట్టులోకి పోయేది. ఇప్పుడు ఆ కట్టు మీద కాస్త పెద్ద బూటు తొడుగుతాను. గుర్రం ఒకటి రెండు సార్లు కాలు విదిలించి, తర్వాత ఆ కాలి మీద బరువు వేసి నిలబడుతుంది.