ఒరెగాన్ బండిబాట కుటుంబాలు: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో 1840ల్లో మిసోరీ నుంచి పడమటి తీరంలోని ఒరెగాన్‌కు బండ్ల బిడారుల్లో తరలివెళ్లిన కుటుంబాల చరిత్ర రాయబోతే, ఇంట్లో చెప్పుకునే కథలే ముందు దొరుకుతాయి. వాటిని కాగితాలతో సరిచూశాకే వంశవృక్షంలోకి ఎక్కించాలి. ఎందుకో సేగర్ కుటుంబాన్ని చూస్తే తెలుస్తుంది.

అపోహ: అమ్మానాన్నలు పోయాక జాన్ సేగర్ అనే కుర్రాడు ఆరుగురు తోబుట్టువులను ఒంటరిగా గమ్యం చేర్చాడు.

వాస్తవం: 1844లో హెన్రీ, నవోమీ సేగర్ ఆరుగురు పిల్లలతో బయల్దేరారు. ఏడో బిడ్డ దారిలో పుట్టింది. నడుస్తున్న బండి దిగబోయిన కూతురు కేథరిన్ గౌను చిక్కుకుని పడింది, చక్రం ఎక్కి కాలు విరిగింది. హెన్రీ గ్రీన్ నది దగ్గర జ్వరంతో చనిపోయాడు, కొన్ని వారాలకే నవోమీ కూడా. ఆపైన పిల్లల బాధ్యత బిడారు నాయకుడు విలియం షా దంపతులు, డాగన్ అనే జర్మన్ వైద్యుడు తీసుకున్నారు. పసిపాపను తోటి ఆడవాళ్లు సాకారు. ఆ శరదృతువులో వాయిలాట్‌పూ మిషన్‌లోని (క్రైస్తవ మత ప్రచార కేంద్రం) మార్కస్, నార్సిస్సా విట్మన్ దంపతులకు పిల్లలను అప్పగించారు. రోసన్నా అని పిలిచిన ఆ పాప తర్వాత హెన్రియెటా నవోమీ అయింది. అనాథల విషయంలో ఇది మామూలే, కాబట్టి రెండు పేర్లతోనూ వెతకాలి.

1847 నవంబరు 29న కయూస్ అనే ఆదివాసీ తెగవాళ్ల దాడిలో విట్మన్ దంపతులతో పాటు సేగర్ అన్నదమ్ములు జాన్, ఫ్రాన్సిస్ చనిపోయారు. తట్టుతో ఉన్న వాళ్ల చెల్లెలు లూయిజా కొద్దిరోజులకే పోయింది. వలస బిడార్లతో వచ్చిన ఆ తట్టే అంతకుముందు కయూస్ పల్లెలను ఊడ్చేసింది. దాడి గురించి రాసి ఈ సంగతి వదిలేయడం అన్యాయం.

అపోహ: అందరూ భారీ బండ్లలో కూర్చుని వెళ్లారు.

వాస్తవం: సరుకు రవాణాకు వాడే కొనెస్టోగా బండి ఈ దారికి మరీ బరువు. ఎక్కువమంది వాడింది పొలం బండి. తొట్టె సుమారు 10 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. రెండు మూడు జతల ఎడ్లు లాగే బండిలో 2,000 నుంచి 2,500 పౌండ్లకు మించి వేస్తే ఎడ్లు పడిపోతాయి. తలకు 200 పౌండ్ల గోధుమపిండి, 150 పౌండ్ల ఉప్పు పట్టించిన పందిమాంసం, 20 పౌండ్ల చక్కెర, కాఫీ, ఉప్పు పదేసి పౌండ్లు. నలుగురు పెద్దవాళ్లకు తిండే 1,560 పౌండ్లు! పనిముట్లూ పక్కలూ పెట్టాక మనుషులకు చోటెక్కడిది? సుమారు 2,000 మైళ్లూ నడిచారు. ఎడ్లు తోలేవాడు కూడా వాటికి ఎడమ పక్కన నడిచేవాడే.

పొడిగాలికి చక్రం చెక్క ఎండి కుంచించుకుపోతే ఇనుప పట్టా వదులై ఊడిపోయేది. రాత్రంతా చక్రాన్ని నీళ్లలో నానబెట్టేవాళ్లు, లేదా పట్టాకూ చెక్కకూ మధ్య చెక్క చీలలు కొట్టేవాళ్లు.

అపోహ: దారిలో చావులు ఎక్కువగా ఆదివాసుల దాడుల వల్లే.

వాస్తవం: చరిత్రకారుడు జాన్ అన్రూ లెక్కలో 1840-60 మధ్య ఆదివాసుల చేతిలో చనిపోయిన వలసవాళ్లు 362 మంది, వలసవాళ్ల చేతిలో చనిపోయిన ఆదివాసులు 426 మంది. పెద్ద హంతకి కలరా. తర్వాత నదులు, చక్రాలు, పొరపాటున పేలిన తుపాకులు.

అపోహ: 1850 జనగణనలో ఒకే ఇంట్లో కనిపించే పిల్లలంతా ఆ దంపతుల పిల్లలే.

వాస్తవం: ఇంటిల్లిపాది పేర్లు రాయడం ఆ ఏడాదే మొదలైంది. ఇంటిపెద్దతో బంధుత్వం మాత్రం 1880 దాకా రాయలేదు. పెంపుడు పిల్లలు, మేనల్లుళ్లు, పనివాళ్లు అందులో కలిసిపోయి ఉంటారు.

అందుకే ఒరెగాన్‌లో స్థిరపడ్డవాళ్లకు భూమి ఇచ్చిన 1850 భూదాన చట్టం కింద పెట్టిన దరఖాస్తుల ఫైలు తెరవాలి. ఆ ఏడాది డిసెంబరు 1 నాటికి స్థిరపడ్డ ఒంటరి మగవాడికి 320 ఎకరాలు, దంపతులకు 640 ఎకరాలు. అందులో సగం భార్య పేరనే. నాలుగేళ్లు అక్కడే ఉండి సాగుచేయాలి. ఫైల్లో దరఖాస్తుదారు పుట్టిన చోటు, పెళ్లి తేదీ, భార్య పేరు, సాక్షుల ప్రమాణపత్రాలు ఉంటాయి. భార్య పుట్టింటి పేరు లేకపోతే పెళ్లి జరిగిన కౌంటీ రిజిస్టరులో చూడాలి. సాక్షుల పేర్లు వదలొద్దు, వాళ్లు అదే బిడారులో వచ్చినవాళ్లు కావచ్చు. పెళ్లయితే భూమి రెట్టింపు గనుక చిన్నపిల్లలకూ పెళ్లిళ్లు చేశారు. వధువు వయసు జనగణనతో పోల్చాలి. నల్లజాతివారికి ఈ చట్టం భూమి ఇవ్వలేదు. వాళ్ల కుటుంబాలకు ఫైలు దొరకకపోతే జనగణన, కోర్టు, వీలునామా రికార్డుల్లో వెతకాలి.