మోకాలు వాస్తే నీళ్ల మీద నింద

నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి దిక్కు కాలు వంగిన పిల్లవాడు కనబడితే ఎందుకని ఎవరూ అడగరు. ఫ్లోరైడ్ నీళ్లు అనుకుని ఊరుకుంటారు. అలా అనుకోవడంలో వింతేమీ లేదు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడ్ ఇక్కడి బోర్లలో అంతకు ఎన్నో రెట్లు పడింది, తరాల తరబడి ఎముకలను వంచింది. కాని ఆ పేరు జనం నోళ్లలో ఎంతగా స్థిరపడిందంటే, మిషన్ భగీరథ మంచినీటి నల్లా వచ్చాక పుట్టిన పిల్లవాడి మోకాలు వాచినా పాత బోరునే తిడుతున్నారు. ఇలా వేరే జబ్బు ఖాతాలో పడిపోయే వాటిలో హీమోఫీలియా ఒకటి.

ఇది రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు. రక్తాన్ని గడ్డకట్టించే ప్రొటీన్లను ఫ్యాక్టర్లు అంటారు. సుమారు 5,000 మంది మగపిల్లలు పుడితే ఒకరికి ఎనిమిదో ఫ్యాక్టర్ లోపం ఉంటుంది. తొమ్మిదో ఫ్యాక్టర్ లోపం ఇంకా అరుదు. చెరువు కట్టకు గండి పడితే ముందు ఇసుక బస్తాలు వేస్తారు, తర్వాత మట్టి పోసి దిమ్మిస చేస్తారు. రక్తనాళం తెగినప్పుడు బస్తాల పని ప్లేట్‌లెట్లది, దిమ్మిస పని ఫ్యాక్టర్లది. హీమోఫీలియాలో బస్తాలు వేళకే పడతాయి, వాటిని బిగించే మట్టే ఉండదు. అందుకే చిన్న గాయం ముందు ఆగినట్టే ఆగి, కొన్ని గంటల తర్వాత మళ్లీ కారుతుంది. డెంగీ పుణ్యమా అని ఇవాళ ఊళ్లో ప్రతి ఒక్కరికీ ప్లేట్‌లెట్ల లెక్క తెలుసు. ఈ పిల్లవాడికి ఆ లెక్క లక్షణంగా ఉంటుంది, ‘రిపోర్టు నార్మల్’ అని ఇంటికి పంపేస్తారు. చేయించాల్సింది ఏపీటీటీ అనే పరీక్ష. అందులో రక్తం గడ్డకట్టే సమయం ఎక్కువ వస్తే, అప్పుడు ఏ ఫ్యాక్టర్ ఎంత శాతం ఉందో చూస్తారు. ఒక శాతం కంటే తక్కువైతే జబ్బు తీవ్రమైనదని లెక్క. అలాంటి పిల్లలకు దెబ్బ తగలకుండానే లోపల రక్తం కారుతుంది.

కారేది ఎక్కువగా కీళ్లలోకే. మోకాలు, మోచేయి, చీలమండ. ఫ్లోరోసిస్ ఏళ్లకేళ్లు మెల్లగా ముదురుతుంది, పళ్ల మీద గార కనబడుతుంది, అవే నీళ్లు తాగిన అక్కకూ తమ్ముడికీ ఎంతో కొంత ఉంటుంది. హీమోఫీలియా మోకాలు అట్లా కాదు. రాత్రికి రాత్రి వాస్తుంది, ముట్టుకుంటే వేడిగా ఉంటుంది, చాలాసార్లు ఒక్క కీలుకే వస్తుంది. ఆ కీలులోకే పదే పదే రక్తం చేరితే, రక్తంలోని ఇనుము లోపలి పొరను వాచేలా చేస్తుంది, ఆ పొర మృదులాస్థిని తినేస్తుంది, చివరికి మోకాలు వంగినచోటే బిగిసిపోతుంది. ఆ దశలో చూసినవారికి అది కూడా ఫ్లోరైడ్ కాలులాగే కనబడుతుంది.

నిజానికి జబ్బు అంతకు ముందే సూచనలు ఇచ్చి ఉంటుంది. పుట్టెంట్రుకలు తీసినప్పుడు కత్తి గాటు రెండు రోజులు కారడం, సున్తీ తర్వాత రక్తం ఆగకపోవడం, జ్వరానికి ఆర్ఎంపీ తుంటికి సూది వేస్తే అక్కడ గడ్డలా ఉబ్బి నల్లబడడం. ఇలాంటివి జరిగాయా అని అడగాలి. మేనమామల్లో ఎవరికైనా ఇట్లాగే ఉండేదా అని కూడా అడగాలి, ఎందుకంటే ఈ లోపం తల్లి వైపు ఎక్స్ క్రోమోజోమ్ మీద వస్తుంది. అట్లని తల్లిని నిందించే వాళ్లకు తెలియని మాట ఒకటుంది: దాదాపు మూడో వంతు కేసుల్లో ఇంటి చరిత్రే ఉండదు, జన్యువు కొత్తగా మారుతుంది.

‘మేనరికం చేస్తిరి, గిట్లనే అయితది’ అనడం ఇంకో అలవాటు. హీమోఫీలియా రావడానికి మేనరికం అక్కర్లేదు, బయటి సంబంధం చేసుకున్నా కొడుక్కు వస్తుంది. అయితే ఒక్కచోట మాత్రం మేనరికం ప్రమాదాన్ని పెంచుతుంది. జబ్బున్న మేనమామకే అక్క కూతుర్ని ఇస్తే, ఆ పిల్ల కూడా ఆ జన్యువును మోస్తున్నదైతే, వాళ్లకు పుట్టే ఆడపిల్లకూ సగానికి సగం అవకాశంతో జబ్బు రావచ్చు. పెళ్లి మాటలకు ముందే ఆ అమ్మాయికి పరీక్ష చేయించాలి, దాచిపెడితే లాభం లేదు.

మందు ఉంది. లోపించిన ఫ్యాక్టర్‌ను నరంలోకి ఎక్కిస్తారు, వాపు మొదలైన ఒకటి రెండు గంటల్లో ఎక్కితే కీలు దక్కుతుంది. అచ్చంపేట నుంచో దేవరకొండ నుంచో హైదరాబాద్ పెద్దాసుపత్రికి చేరేసరికి ఆ గంటలు బస్సులోనే అయిపోతాయి. అందుకే చాలా దేశాల్లో మందు ఇంటి ఫ్రిజ్‌లోనే పెట్టుకుని, తల్లిదండ్రులో పిల్లవాడో స్వయంగా ఎక్కించుకోవడం నేర్చుకుంటారు. ఎనిమిదో ఫ్యాక్టర్ సగం బలం 8 నుంచి 12 గంటల్లోనే తగ్గిపోతుంది కాబట్టి, ముందుజాగ్రత్తగా వాడాలంటే వారానికి రెండు మూడుసార్లు సూది తప్పదు. ఎమిసిజుమాబ్ అనే కొత్త మందు చర్మం కిందే వేసుకోవచ్చు, వారానికో నాలుగు వారాలకో ఒకసారి చాలు, ధర మాత్రం సామాన్యుడి చేతికి అందదు. వెల్లూరు సీఎంసీ వైద్యులు ఐదుగురికి జన్యు చికిత్స చేసి, ఆ తర్వాత వారిలో రక్తస్రావం కనబడలేదని 2024లో ప్రకటించారు. ఆశ పెట్టుకోదగ్గ వార్తే, కాని ఐదుగురంటే ఐదుగురే.

కాబట్టి ఇప్పటికి ఆసరా అంటే మందుతో పాటు మనుషులు కూడా. ఈ జబ్బున్నవాళ్ల కోసం 1983లో మొదలైన హీమోఫీలియా ఫెడరేషన్‌కు హైదరాబాద్‌లోనూ శాఖ ఉంది. అక్కడ కలిసే పెద్ద పిల్లలకు, వాళ్ల తల్లులకు తెలిసినంత ఊళ్లో డాక్టర్‌కు కూడా తెలియకపోవచ్చు. వాచిన మోకాలికి కాపడం పెట్టొద్దు, నూనె రాసి తోమొద్దు, కట్టు కట్టేవాళ్ల దగ్గరికి తీసుకుపోవద్దు. గుడ్డలో ఐసు చుట్టి పెట్టి, కాలు కదపకుండా పడుకోబెట్టాలి. నొప్పికి పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, బ్రూఫెన్ లాంటివి ముట్టొద్దు. తుంటి సూది అసలే వద్దు. 2016 వికలాంగుల హక్కుల చట్టం హీమోఫీలియానూ వైకల్యాల జాబితాలో చేర్చింది, కాబట్టి వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే క్యాంపుకు పోవాలి. జబ్బు తీవ్రంగానో మధ్యస్థంగానో ఉంటే చికిత్సకు పోయే ప్రయాణాలకు రైలు టికెట్‌లో 75 శాతం రాయితీ ఉంది. రక్తం కారని రోజు పిల్లవాడు అందరిలాగే నడుస్తాడు, ‘వీడికేమైంది’ అనేవాళ్లు ఉంటారు, పాత రిపోర్టులన్నీ ఫైల్‌లో పెట్టుకుని పోవడమే మేలు.

బడిలో పీఈటీ సారుకు కూడా చెప్పాలి. కబడ్డీ వద్దు, కాని ఆటలే మాన్పించి మూలన కూర్చోబెడితే కండరాలు బలం తప్పి కీళ్లు ఇంకా చెడతాయి. నడక మంచిది, ఈత ఇంకా మంచిది. మన దగ్గర ఈత అంటే వ్యవసాయ బావి ఒడ్డు మీద నుంచి దూకడమే అనుకుంటారు పిల్లలు, అది మాత్రం వద్దని వాడికి విడిగా కూర్చోబెట్టి చెప్పాలి.