చైన్ హాయిస్ట్‌కి నూనె ఎక్కడ పెట్టాలి?

చైన్ హాయిస్ట్‌కి, అంటే గొలుసుతో బరువులెత్తే కరెంటు యంత్రానికి, నూనె పెట్టమంటే మన షెడ్లలో ఎక్కువగా జరిగేది ఇదీ: దసరా ముందు మెషిన్లన్నీ కడిగేటప్పుడు ఎవరో ఒక కుర్రాడు గుడ్డకి గ్రీజు అద్ది, వేలాడుతున్న చైన్‌ని ఒకసారి పైనుంచి కిందదాకా తుడిచేస్తాడు, చైన్ నల్లగా నిగనిగలాడుతుంది, మర్నాడు హుక్‌కి నిమ్మకాయ కడతారు, మళ్లీ దసరా దాకా దాని జోలికి ఎవరూ పోరు. పూజ సంగతి నేనేమీ అనను. గ్రీజు మాత్రం పనికిరాని చోట పడింది.

చైన్ అరిగేది పైకి కనిపించే చోట కాదు. ఒక లింకు ఇంకో లింకులో కూర్చునే లోపలి వంపులో. బరువు ఊరికే వేలాడుతున్నంతసేపు ఆ రెండు వంపులూ ఒకదాన్నొకటి నొక్కుకుని ఉంటాయి తప్ప కదలవు, కదలకపోతే అరగవు. చైన్ పైకెళ్లి హాయిస్ట్ లోపలి లోడ్ వీల్ మీద వంగేటప్పుడే అసలు కథ. వీల్ గాడుల్లో సర్దుకోవాలంటే ప్రతి లింకూ తన పక్క లింకు మీద కొంచెం తిరగాలి, అదీ మొత్తం బరువు మోస్తూనే తిరగాలి. ఒంటి చైన్ మీద టన్ను ఎత్తుతుంటే ఆ టన్నంతా, రెండు గుండ్రటి కడ్డీలు అడ్డంగా తాకే చుక్కంత చోట పడుతుంది.

గేర్ బాక్సులో నూనె చేసే పని వేరు. అక్కడ పళ్లు వేగంగా తిరుగుతూ నూనెని తమ మధ్యకి లాక్కుంటాయి, ఆ పొర మీదే నడుస్తాయి. లింకులకి ఆ వేగం లేదు, కొద్దిగా తిరిగి ఆగిపోతాయి, కాబట్టి మధ్యలో నూనె పొర నిలబడదు. మిగిలేది స్టీలుని అంటిపెట్టుకున్న కొన్ని అణువుల మందం నూనె మాత్రమే. దీనికి బౌండరీ లూబ్రికేషన్ అనే పేరు 1922లో ఇంగ్లండ్‌కి చెందిన హార్డీ, డబుల్‌డే రాసిన పరిశోధన పత్రం నుంచి వచ్చింది. ఇంత పలచటి పొర ఏం చేస్తుంది అనిపిస్తుంది గానీ, చాలా చేస్తుంది. స్టీలు ఎంత నున్నగా కనిపించినా సూక్ష్మంగా చూస్తే గుట్టలూ గుంటలే. పొడిగా నొక్కితే ఆ గుట్టల కొనలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, కదిలినప్పుడల్లా చిరిగి పొడిగా రాలతాయి. మధ్యలో నూనె అణువులు అడ్డం ఉంటే ఆ అతుకుడు చాలావరకు జరగదు. పొడి స్టీలు మీద సుమారు 0.5 ఉండే ఘర్షణ గుణకం 0.1 దరిదాపులకి దిగుతుంది, అరుగుదల అయితే అంతకన్నా ఎన్నో రెట్లు తగ్గుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. 7 మి.మీ. కడ్డీతో చేసిన చైన్, ఒక్కో లింకు లోపలి పొడవు 21 మి.మీ. అనుకుందాం, బాగా వాడుకలో ఉన్న సైజే. 11 లింకులకి 231 మి.మీ. వస్తుంది. 11 లింకుల మీద 2 శాతం పెరిగితే చైన్ మార్చాలని చాలా కంపెనీల మాన్యువల్స్‌లో ఉంటుంది (మీ మాన్యువల్‌లో ఇంకా తక్కువ రాసి ఉంటే అదే లెక్క). 2 శాతం అంటే 4.6 మి.మీ. దాన్ని 11 జాయింట్లకి పంచితే ఒక్కోదానికి 0.42, ఒక్కో జాయింటులో అరిగేవి రెండు ముఖాలు కాబట్టి ఒక్కో ముఖానికి 0.21 మి.మీ. అంతే! అది కంటికి ఆనదు, వేలికి తగలదు. చైన్ పొడుగైంది అంటే స్టీలు సాగిందని అందరూ అనుకుంటారు, ఓవర్‌లోడ్ అయితే తప్ప అది జరగదు. జాయింట్లన్నీ తలా ఇంత అరిగితే మొత్తం చైన్ పొడుగవుతుంది. హాయిస్ట్ చైన్‌కి పైపొర మాత్రమే బాగా గట్టిగా ఉండేలా హీట్ ట్రీట్‌మెంట్ చేస్తారు, ఆ పొర పోయాక లోపలి మెత్తటి స్టీలు ఇంకా జోరుగా అరుగుతుంది. పొడుగైన లింకు వీల్ గాడిలో సరిగ్గా కూర్చోదు, లోడ్ ఎత్తేటప్పుడు టక్ టక్ మని చప్పుడు వస్తుంది. అప్పటికి ఆలస్యమైనట్టే, వీల్ కూడా పాడవడం మొదలైంది. అందుకే వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే పరికరం) పెట్టి కొలవాలి, అదీ ఎక్కువగా తిరిగే భాగంలో.

ఇక ఏ నూనె? చిక్కటి గ్రీజు ఆ సందులోకి దూరదు, బయటే ఉండి దుమ్ము పడుతుంది. ఫౌండ్రీలో (లోహం కరిగించి పోతపోసే చోట) అయితే మరీ ఘోరం. అచ్చు ఇసుక అంటే క్వార్ట్జ్, మోహ్స్ స్కేలు మీద దాని గట్టితనం 7, గట్టిపరిచిన స్టీలుని కూడా గీరగలదు. గ్రీజు, ఇసుక కలిస్తే తయారయ్యేది లోహాన్ని అరగదీసే వాల్వ్ గ్రైండింగ్ పేస్టే. అలాంటి చోట గ్రాఫైట్ లేదా మాలిబ్డినం డైసల్ఫైడ్ ఉన్న పొడి లూబ్రికెంట్ వాడాలి. మామూలు షెడ్డుకి సందుల్లోకి జారేంత పలచటి చైన్ ఆయిల్ చాలు. బండిలోంచి దింపిన పాత ఇంజన్ ఆయిల్ మాత్రం వద్దు, ఊరికే వస్తోంది కదా అని చాలామంది పోస్తారు, అందులో మసీ లోహపు పొడీ ఉంటాయి.

హుక్ మీద బరువు ఉండగా నూనె పోస్తే దండగ, లింకులు బిగుసుకుని ఉంటాయి కాబట్టి అసలు చోటికి చేరదు. బరువు దింపి, మెయిన్ ఆఫ్ చేసి, చైన్‌ని పాత మురికి పోయేలా తుడిచి, కొంచెం కొంచెం చేత్తో ఎత్తి వదులు చేస్తూ ప్రతి జాయింటులో నూనె పడేలా చూడాలి. తర్వాత ఖాళీ హుక్‌తో నాలుగైదుసార్లు పైకీ కిందికీ నడిపి, మళ్లీ ఆపి, కారేది తుడిచేయాలి. నడుస్తున్న చైన్‌కి గుడ్డ పట్టుకునే అలవాటు ఉంటే ఈ రోజే మానేయండి. గుడ్డతో పాటు వేళ్లు కూడా చైన్ గైడ్‌లోకి వెళ్తాయి.

నూనె అస్సలు తగలకూడనిది బ్రేక్. కరెంటు పోతే బరువు పడిపోతుందేమో అని కొత్తవాళ్లకి టెన్షన్, నిజానికి పద్ధతి తిరగేసి ఉంటుంది: బ్రేక్‌ని పట్టి ఉంచేది స్ప్రింగు, కరెంటు చేసే పని దాన్ని వదిలించడం. బటన్ నొక్కితే అయస్కాంతం డిస్క్‌ని లాగుతుంది, కరెంటు పోయిందో స్ప్రింగు బిగించేస్తుంది. బ్రేక్ లైనర్ (రాపిడితో పట్టే పొర) అరిగే కొద్దీ అయస్కాంతానికీ డిస్క్‌కీ మధ్య సందు పెరుగుతుంది, ఒక దశలో అయస్కాంతం లాగలేదు, బ్రేక్ పట్టి ఉండగానే మోటారు తిరగబోయి వేడెక్కుతుంది. రోజూ మొదటి లోడ్‌ని నేల నుంచి జానెడు ఎత్తి ఆపి చూడండి, జారుతోందంటే ఆ రోజుకి పని లేదు, మెకానిక్‌ని పిలవడమే.

2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్‌లో ఎత్తే యంత్రాలనీ చైన్లనీ కనీసం 12 నెలలకోసారి అర్హత ఉన్న మనిషి చేత క్షుణ్ణంగా పరీక్ష చేయించాలని రాశారు. నూనె సంగతి అలా ఏడాదికోసారితో సరిపోదు, షిఫ్టులు నడిచే చోట వారానికోసారి చూసుకోవాల్సిందే.

చైన్ మార్చే రోజు వస్తే పాతదానికి వెల్డింగ్ పెట్టి వాడేద్దామనే ఆలోచన రానీయకండి, వేడికి హీట్ ట్రీట్‌మెంట్ పోతుంది. తీసిన చైన్‌ని స్లింగుగా (బరువుకి చుట్టి హుక్‌కి తగిలించే గొలుసుగా) వాడుకుందామని మూల పడేయడం కూడా తప్పే. స్లింగు చైన్ తెగే ముందు సాగి హెచ్చరించాలి, అరగకుండా గట్టిపరిచిన హాయిస్ట్ చైన్‌కి ఆ గుణం తక్కువ. గ్రైండర్‌తో ముక్కలు కోసి పాతసామాన్లకి వేసేయండి, పొడుగ్గా వదిలేస్తే ఎవరో ఒకరు దాంతో ఏదో ఒకటి ఎత్తుతారు.