ల్యాబులో ‘వెల్‌కమ్’ అంతసేపు ఎందుకు తిరుగుతుంది?

నల్లగొండ దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబులు చూసుకోవడం నా పని. పొద్దున మొదటి ల్యాబ్‌కు అరవై మంది ఒకేసారి వచ్చి కూర్చుంటారు, పాస్‌వర్డ్ కొడతారు. తెర మీద ‘వెల్‌కమ్’ పక్కన చుక్కలు తిరగడం మొదలవుతుంది. పది నిమిషాలయ్యాక వెనక వరుసలోంచి, "సార్, ఇంకా తిరుగుతనే ఉంది" అని వినిపిస్తుంది. నెట్ స్లో అంటారు కొందరు, వైరస్ అంటారు కొందరు, సిస్టమ్స్ పాతబడ్డాయంటారు ఇంకొందరు. నెట్ స్పీడు పెంచి చూశాం, తేడా రాలేదు. రాదు కూడా, ఎందుకంటే ఈ లాగిన్‌కు బయటి ఇంటర్నెట్‌తో పనే లేదు. ఇదంతా ల్యాబుకూ సర్వర్‌కూ మధ్య నడిచే వ్యవహారం. పేరు రోమింగ్ ప్రొఫైల్. ఇది దాదాపు ముప్పై ఏళ్ల నాటి ఏర్పాటు.

ఏ సిస్టమ్ ముందు కూర్చున్నా నీ డెస్క్‌టాప్ నీకు రావాలన్నది దీని ఉద్దేశం. ప్రొఫైల్ అంటే నీ ఫైళ్లూ సెట్టింగులూ ఉండే ఫోల్డర్, అది సర్వర్‌లో ఉంటుంది. లాగిన్ అయితే సిస్టమ్‌లోకి దిగుతుంది, లాగాఫ్ అయితే మార్పులతో సహా తిరిగి సర్వర్‌కు పోతుంది. 1996లో విండోస్ ఎన్‌టీ 4.0 వచ్చేనాటికి ఆ ఫోల్డర్‌లో ఐకాన్లు, ఫేవరెట్లు, కొద్దిపాటి ఫైళ్లు, సెట్టింగులన్నీ దాచే ‘ఎన్‌టీయూజర్.డాట్’ ఉండేవి. అదొక చిన్న మూట. ప్రొఫైల్ సైజుకు హద్దు పెట్టే పాలసీ (అన్ని సిస్టమ్స్‌కూ కలిపి సర్వర్ నుంచి పెట్టే నియమం) తెరిస్తే అందులో ముందుగా కనిపించే అంకె 30,000 కేబీ, అంటే సుమారు 30 ఎంబీ. ఆనాటి లెక్క ఎంతదో ఆ ఒక్క అంకెలో తెలిసిపోతుంది.

మూట పెరుగుతుందని తయారుచేసినవాళ్లకు తొందరగానే అర్థమైంది. విండోస్ 2000లో రెండు మార్పులు తెచ్చారు. తాత్కాలిక ఫైళ్లుండే ‘లోకల్ సెట్టింగ్స్’ను సర్వర్‌కు మోయకుండా వదిలేశారు. ఫోల్డర్ రీడైరెక్షన్ అని మరో దారి ఇచ్చారు. దీంతో డాక్యుమెంట్లు సర్వర్‌లోనే ఉంటాయి, అవసరమైన ఫైల్ ఒక్కటే తెరుచుకుంటుంది, మొత్తం మోయక్కర్లేదు.

ఈ రెండో దారి మా ల్యాబుకు చాలా ఏళ్లు రాలేదు. కారణం చిన్నదే. రోమింగ్ పెట్టాలంటే యూజర్ ప్రాపర్టీస్‌లో ప్రొఫైల్ పాత్ అనే ఒక్క గడి నింపితే చాలు. రీడైరెక్షన్‌కు గ్రూప్ పాలసీ రాయాలి, ఫోల్డర్ పర్మిషన్లు సరిచూడాలి. సర్వర్ బిగించినవాళ్లు గడి నింపి వెళ్లిపోయారు. తర్వాత వచ్చినవాళ్లం నడుస్తున్నదాన్ని కదపడానికి భయపడ్డాం.

ఈలోగా మూట బరువు పెరిగింది. విండోస్ విస్టా నుంచి, సాఫ్ట్‌వేర్లు తమ డేటా దాచుకునే ‘యాప్‌డేటా’ ఫోల్డర్‌ను సిస్టమ్‌లోనే ఉండే లోకల్, సర్వర్‌కు పోయే రోమింగ్ అని విడగొట్టారు గానీ, ఏ సాఫ్ట్‌వేర్ దేన్ని ఎక్కడ పెట్టాలో నిర్ణయించేది దాన్ని రాసినవాళ్లే. ఒకసారి ఒక సెకండియర్ అమ్మాయి ప్రొఫైల్ తెరిచి చూశాను. ఆమె రాసిన ప్రోగ్రాములన్నీ కలిపితే ఒక ఎంబీ కూడా లేవు. పక్కనే, ప్రోగ్రాములు రాసే వీఎస్ కోడ్ సాఫ్ట్‌వేర్ పెట్టుకునే ‘.వీఎస్‌కోడ్’ ఫోల్డర్‌లో ఎక్స్‌టెన్షన్ల (దానికి తగిలించే అదనపు హంగుల) తాలూకు వేల చిన్న ఫైళ్లున్నాయి. ఆ ఫోల్డర్ ‘యాప్‌డేటా’ బయట, ప్రొఫైల్ మొదట్లోనే ఉంటుంది కాబట్టి రోజూ ప్రయాణం చేస్తుంది. చిన్న ఫైళ్ల సంగతి పెద్ద ఫైల్‌లా కాదు. ప్రతి ఫైల్‌కూ సర్వర్‌ను అడగాలి, తెరవాలి, రాయాలి, మూయాలి. మిర్యాలగూడ మిల్లులో బస్తా ఎత్తడం వేరు, అందులోని గింజలు ఒక్కొక్కటిగా మోయడం వేరు.

లెక్క వేసి చూడండి. ఒక్కొక్కరికి 400 ఎంబీ అనుకుంటే అరవై మందికి 24 జీబీ. మా సర్వర్ కేబుల్ స్విచ్‌లో 100 ఎంబీపీఎస్ పోర్ట్‌కు ఉందని చాలా ఆలస్యంగా గమనించాం. అంటే సెకనుకు వంద మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి ఆ దారిలో సెకనుకు 12.5 ఎంబీకి మించి రావు. అంటే అంతా సాఫీగా సాగినా అరగంట పైమాటే.

సాయంత్రం మరో కష్టం. ల్యాబ్ అయ్యేసరికి దేవరకొండ బస్సు కదలడానికి సిద్ధంగా ఉంటుంది. "బస్ పోతది సార్" అంటూ పిల్లలు లాగాఫ్ పూర్తికాకముందే పవర్ బటన్ నొక్కేస్తారు. వాళ్లను తప్పుపట్టలేను, ఆ బస్సు పోతే ఇల్లు చేరేసరికి రాత్రవుతుంది. కానీ సర్వర్‌కు చేరాల్సిన ఫైళ్లు సగంలో ఆగిపోతాయి. మర్నాడు వేరే సిస్టమ్ ముందు కూర్చుంటే నిన్నటి ప్రోగ్రాం ఉండదు. ఒక్కోసారి ప్రొఫైలే పాడై టెంపరరీ ప్రొఫైల్ తెరుచుకుంటుంది. సిస్టమ్‌లో జరిగిన తప్పులు నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్‌లో 1511 అనే నంబర్ కనిపిస్తే అదే. అందులో రాసింది లాగాఫ్‌తో పోతుంది. ల్యాబ్ రికార్డు సబ్మిట్ చేసే వారంలో ఇలా జరిగితే ఆ పిల్లల టెన్షన్ చూడలేం.

ప్రోగ్రాం కనపడకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఒక ల్యాబులో విండోస్ 7, పక్క ల్యాబులో విండోస్ 10 ఉన్న రోజుల్లో ఒకే విద్యార్థికి సర్వర్‌లో రెండు ఫోల్డర్లు తయారయ్యేవి: పేరు చివర ఒకటి ‘.వీ2’తో (విండోస్ 7ది), ఇంకొకటి ‘.వీ6’తో (విండోస్ 10ది). ఒకదానిలో దాచింది రెండోదానిలో కనపడదు. "నిన్న సేవ్ చేసిన సార్, ఒట్టు" అన్న పిల్లవాడు నిజమే చెప్పాడు. నేనే నమ్మలేదు.

ముందుగా సర్వర్ కేబుల్‌ను పది రెట్లు వేగమైన గిగాబిట్ పోర్ట్‌కు మార్చాం. డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్ రీడైరెక్ట్ చేశాం. ఎక్స్‌టెన్షన్ల ఫోల్డర్‌ను రోమింగ్ నుంచి మినహాయించే పాలసీ పెట్టాం. డిస్క్ నిండుతోందని ఎవరో ఎప్పుడో పెట్టిన ‘క్యాష్ చేసిన కాపీలు తొలగించు’ అనే పాలసీని, అంటే లాగాఫ్ కాగానే సిస్టమ్‌లో మిగిలిన ప్రొఫైల్ కాపీని చెరిపేసే నియమాన్ని, తీసేశాం. అది ఉన్నంతకాలం ప్రతి లాగిన్‌కూ మూట మొత్తం మళ్లీ దిగాల్సిందే. ఇక డబ్బు ఖర్చులేని పని, రోల్ నంబర్ ప్రకారం సీటు. రోజూ అదే సిస్టమ్ అయితే మారిన ఫైళ్లు మాత్రమే వస్తాయి. దీనికి మాత్రం పిల్లలు ఒప్పుకోవడానికి ఒక సెమిస్టర్ పట్టింది, స్నేహితుల పక్కన కూర్చోవాలని వాళ్లకుంటుంది కదా.

ఆ పాత ‘.వీ2’ ఫోల్డర్లు ఇంకా తీసేయలేదు. ఒక్కోటి తెరిచి, అందులో ఎవరి రికార్డు మిగిలిందో చూస్తున్నాను.